నీలం మన్ను

గిరింపేటలో కాంప్లెక్సుకి పునాది తవ్వతా ఉంటే
పన్నెండడుగుల కింద మన్ను నీలంగా వచ్చింది.
జేసీబీ అబ్బోడు ఇంజను ఆపి దిగి
ముక్కు మూసుకున్నాడు.
మురిగిన కోడిగుడ్డు, దాని వెనకాల తారు.
రోడ్డుకి ఈ పక్క నా ఇస్త్రీ బండి.
నాకు మాత్రం ఆ వాసన చుట్టమే.
తాత పోయినాక ట్రంకుపెట్టె మూత తీస్తే
కాకీ కోటు మడతల్లోంచి లేచింది ఇదే.

ఈడ బొగ్గుగ్యాసు కార్ఖానా ఉండేదంటే నమ్మరు.
రేకుల కొట్టం, ఇటుకల పొగగొట్టం,
పడుకోబెట్టిన బానల మాదిరి అయిదు మట్టి బట్టీలు.
పాకాల మీదుగా వ్యాగన్లో బొగ్గు దిగేది.
తాత చెంగల్రాయుడు దాన్ని ఎగదోసి, మూత పెట్టి,
గాలి దూరకుండా చుట్టూ మన్ను మెత్తేవాడు.
"బొగ్గుని కాల్చకూడదు, ఉడకెయ్యాల" అనేవాడంట.
"కాలిస్తే బూడిద.
ఊపిరాడకుండా ఉడకేస్తే దీపం."

ఆ ఊపిరి సున్నం పెట్టెల్లో కడుక్కోని
నీళ్ళతొట్లో బోర్లించిన ఇనప గంగాళం కిందికి చేరేది.
పగలంతా గంగాళం లేస్తా,
రేయంతా దిగతా.
కన్నెమ్మవ్వ గుడిసె వాకిట్లోంచి చూసి చెప్పేసేది:
"ఈ రేయి క్లబ్బులో విందుండాది,
అప్పుడే రెండు మూరలు దిగిపొయ్యింది."

పైపు కచేరీదాకా పోయింది, కోర్టుదాకా పోయింది,
దొరల క్లబ్బు మెట్లెక్కింది.
మా వీధి మలుపులో నిలిచిపోయింది,
ఎనిమిది గజాల ఇనుము తక్కువై.
దస్తగిరి నిచ్చెన భుజానేసుకోని
ముప్పై ఆరు స్తంభాలు వెలిగించి
చీకట్లో కాలితో తడుముకుంటా ఇల్లు చేరేవాడు.

మాకు దక్కింది పిప్పి.
కూలి మీద వారానికి గంపెడు కోకు బొగ్గు.
అవ్వ దాన్ని ఇస్త్రీ పెట్టెలో పోసి చూసింది:
పొగ లేదు, రవ్వ లేదు,
వకీళ్ళ తెల్లంగీలకి మసి అంటలా.
అట్ల ఎక్కింది మా బతుకు ఈ బండి.

కోరింత దగ్గు తిరిగిన ఏడు
బిడ్డల్ని చంకనేసుకోని తల్లులు గేటు కాడ నిలబడినారంట,
మేడలోళ్ళు గూడా.
పాత సున్నం ఎత్తేటప్పుడు ఆ గబ్బు పీలిస్తే
దగ్గు తెగుతుందని ఎవురో అన్నారు.
తాత పార ఆనించి లెక్కపెట్టేవాడు,
"పది ఊపిర్లు. చాలు. తీసకపో."
తెగిందా అవ్వా అని అడిగినాను.
నీ పెద్ద కొడుక్కి తెగిందా అని.
అవ్వ ఇస్త్రీ పెట్టె మూత తీసి
నిప్పుని ఊదుకుంటా కూచుంది.

కరెంటు వచ్చింది.
ఒక సోమవారం దిగిన గంగాళం మళ్ళీ లేవలా.
వేలంలో ఐరాల పక్కోడు ఎవరో కొనుక్కోని
రేకు కోయించి బెల్లం పెనాలు చేయించినాడంట.
ఆ ఏడు అచ్చులు తారు కంపని సంతలో తిప్పి పంపినారు.
మరుసటేడు
నాలిక్కి ఎవురికీ గుర్తు లేదు.

హెల్మెట్టు పెట్టుకోని ఇంజనీరు వచ్చినాడు.
"ఈడ ముందు ఏముండేది పెద్దమ్మా?"
"ఊరికి దీపాలుండేవి నాయనా."
తల ఊపి, ఫోన్లో ఫొటో తీసుకోని పోయినాడు.
మధ్యాన్నానికి నాలుగు టిప్పర్ల ఎర్రమన్ను పోసి
నీలం కనపడకుండా చేసినారు.

పొద్దు గూకింది. స్తంభాల దీపాలు
ఎవురూ నిచ్చెనెక్కకుండానే వెలిగినాయి.
మడతేసిన రిటైర్డు హెడ్మాస్టరు పంచె అంచున
గాలికి వచ్చి వాలిన గోరంత నీలం.
దులిపితే పాకింది.
పోనీ.
నీలిమందు ఎక్కువైందనుకుంటాడు.